నాలుగు సెకన్ల మిస్సింగ్

ఆ వేసవంతా మా ఇంట్లో అందరి నోటా ఒకటే మాట, మిస్సింగ్. పళ్ళు తోముకుంటూ అదే, అన్నాల దగ్గరా అదే. కళ్ళద్దాల షాపు నడుపుకునే మా బావ కారెక్కితే కడుపులో తిప్పే మనిషి. ఆయన కూడా మెట్లు దిగుతూ "ఇవాళ మిస్సింగ్ ఏ సిలిండర్లో?" అని అడిగే స్థితికి వచ్చాడు.

ముందు గ్యారేజీ, వెనక ఇల్లు మాది. గ్యారేజీ నాన్న పెట్టింది, మెల్లగా నా చేతికొచ్చింది. మేడ మీద అక్క, బావ, వాళ్ళ ఆరేళ్ళ పాప ఉండేవారు. అక్క డ్రైవింగ్ స్కూల్లో నేర్పుతుంది. పగలంతా ఊళ్ళో వాళ్ళని ముప్ఫై దాటనివ్వదు. తెల్లవారగానే తను మాత్రం కొండ రోడ్డు మీద నూట ఇరవైలో పోతుంది. ఏటా వేసవి చివర అక్కడ రేసు జరుగుతుంది. అంతకుముందు ఏడాది అక్క ఒకటిన్నర సెకన్ల తేడాలో రెండో స్థానంలో ఆగిపోయింది. ఆ ఒకటిన్నర సెకన్ల కోసం నేనూ తనూ చలికాలమంతా కారు మీద పడ్డాం.

ఎర్రటి చిన్న కారు అది. సంసారులు సామాన్లు తెచ్చుకోవడానికి పుట్టిన బండి. ఇంజన్లోకి గాలి గట్టిగా తోసే పెద్ద టర్బో దానికి పెట్టాం, పిస్టన్లు మార్చాం, కంపెనీ ఇచ్చిన కంప్యూటర్ పీకేసి మా మాట వినేదాన్ని బిగించాం. ఆ కంప్యూటర్ ఇంజన్లో జరిగే ప్రతిదీ సెకనుకి యాభై సార్లు రాసి పెట్టుకుంటుంది. నాన్నకి అదంటే పడదు. "డాక్టరు నాడి పట్టుకోకుండా టీవీ చూసినట్టుంది" అనేవాడు.

రేసు ఇంకా ఏడు వారాలుందనగా మొదటిసారి తేడా వచ్చింది.

"ఎక్కిళ్ళు పెడుతోందిరా," అంది అక్క హెల్మెట్ తీస్తూ. "టర్బో బూస్ట్ ఎక్కేదాకా బంగారంలా పోతుంది. ఎక్కగానే టక్, టక్, టక్."

"పెట్రోలు కల్తీ," అన్నాడు నాన్న, కుర్చీలోంచి లేవకుండానే. ఏ కారుకి ఏ జబ్బు చేసినా ఆయనకి పెట్రోలు కల్తీయే.

రికార్డు తీసి చూస్తే మూడో సిలిండర్లో పెట్రోలు సరిగ్గా మండటం లేదని తెలిసింది, మిస్సింగ్ అంటే అదే. మూడో దాని స్పార్క్‌కి కరెంటిచ్చే కాయిల్ తీసి ఒకటో దానికి పెట్టాను. మిస్సింగ్ మూడులోనే ఉంది. కాయిల్ తప్పు లేదన్నమాట. ఈసారి స్పార్క్ ప్లగ్గులు అటుదిటు మార్చాను. మిస్సింగ్ ఒకటోదానికి వచ్చింది.

"దొంగ ఇల్లు మారాడు!" అని అరిచింది అక్క.

ఆ ప్లగ్గు తీసి వెలుగులో పెట్టి చూస్తే తెల్లటి పింగాణీ మీద వెంట్రుకంత నల్లగీత. సిలిండర్లో ఒత్తిడి పెరిగినప్పుడల్లా స్పార్క్ అసలు చోట పడకుండా ఆ పగులులోంచి పారిపోతోంది. నాలుగు ప్లగ్గులూ కొత్తవి వేసి, గ్యాప్ కొంచెం తగ్గించాను. అక్క ఒక రౌండు వేసి, వీధి చివర్నుంచే హారన్ కొట్టుకుంటూ వచ్చింది. బావ అందరికీ ఐస్‌క్రీమ్ తెచ్చాడు. రెండు గంటల పనిలో మిస్సింగ్ పట్టేశానని నేను వారం రోజులు నేల మీద నడవలేదు.

పది రోజుల తర్వాత అక్క ప్రాక్టీసు నుంచి వచ్చి, కారు దిగకుండా స్టీరింగ్ పట్టుకుని కూర్చుంది.

"మళ్ళీ వచ్చిందిరా."

"మూడోదేనా?"

"తెలీదు. ఈసారి ఎక్కిళ్ళు లేవు. ఊరికే పోయింది. పవర్ పోయింది, సౌండు పోయింది. మళ్ళీ దానంతటదే వచ్చింది. ఐదో మలుపు ముందు."

రికార్డులో మిస్సింగ్ ఒక్కటి కూడా లేదు. కారు తీసుకుని నేనే కొండెక్కాను. రెండుసార్లు ఎక్కాను, దిగాను. ఎక్కడా ఆగలేదు. మర్నాడు అక్క వెళ్తే మళ్ళీ పోయింది. ఇంజెక్టర్లు విప్పి కడిగాను. కంప్రెషన్ చూశాను, నాలుగింటికీ సమానంగా ఉంది. ఫ్యూయల్ పంపు మార్చాను. డాష్‌బోర్డు కింద తలకిందులుగా దూరి, వైరింగ్ మొత్తం జానెడు జానెడు చొప్పున చేత్తో తడుముతూ చూశాను. ఏమీ దొరకలేదు. నేను నడిపితే సుబ్బరంగా పోయేది. అక్క నడిపితే మూడు రోజులకో నాలుగు రోజులకో ఒకసారి పోయేది. ఒకసారి రోడ్డు పక్క లోయ వైపు పిట్టగోడకి బంపర్ రాసుకుని వచ్చింది.

"నాకెందుకు రాదు మరి?" అన్నాను, చిరాకు ఆపుకోలేక.

"నువ్వు నడిపేది కారులా ఉండదురా, తోపుడుబండిలా ఉంటుంది. దాన్ని గట్టిగా తొక్కితే కదా బయటపడేది!"

"తొక్కానక్కా. నూట పది దాకా తొక్కాను."

"అంటే నేను కల్పించి చెబుతున్నానా?"

నాన్న కుర్చీలోంచి మెల్లగా "పెట్రోలు..." అన్నాడు. ఇద్దరం ఒకేసారి ఆయన వైపు చూశాం. ఆయన పేపరు మొహానికి అడ్డం పెట్టుకున్నాడు.

ఆ రాత్రంతా మనసులో అదే తిరిగి, పొద్దున్నే రికార్డు మళ్ళీ మొదట్నుంచి తీశాను. అప్పటిదాకా స్పార్క్, పెట్రోలు, గాలి, ఇవే చూస్తూ వచ్చాను. ఆ రోజు యాక్సిలరేటర్ పెడల్ గీత కూడా తెరిచాను. అక్క పవర్ పోయిందన్న ప్రతిచోటా ఆ గీత సున్నాకి వచ్చి ఉంది. దొరికిందిరా అనుకున్నాను. పెడల్లో ఉండే సెన్సార్ పాడై, తొక్కినా తొక్కనట్టు చెబుతోంది, అంతే. కొత్త పెడల్ తెప్పించి బిగించాను. రెండు రోజులు బాగుంది. మూడో రోజు అక్క వచ్చి, తాళాలు బల్ల మీద విసిరేసి, ఏమీ మాట్లాడకుండా మేడెక్కిపోయింది.

లాప్‌టాప్ ముందు తల పట్టుకుని కూర్చున్నాను. నాన్న చెప్పులు ఈడ్చుకుంటూ వచ్చి నా వెనక నిలబడ్డాడు. ఆయన ఆ తెర వైపు చూడటం అదే మొదటిసారి.

"ఈ గీతేంటి?"

"పెడల్. కాలు ఎంత నొక్కిందో అది."

"ఇది?"

"అదీ పెడల్దే. ఒకటి చెడితే ఇంకోటి ఉండాలని రెండు సెన్సార్లు పెడతారు."

ఆయన కళ్ళజోడు పైకి తోసుకుని దగ్గరగా వంగాడు. "రెండూ కలిసి దిగాయే."

"ఊఁ."

"వైరు తెగితే ఇలా దిగుతుందా? గోడలా పడిపోదూ? ఇది మెట్టు మెట్టుగా దిగింది. కాలు మెల్లగా తీసినట్టు."

ఆయన చెప్పింది నిజం. మూడు వారాలుగా రికార్డులోనే ఉన్న గీత అది.

"ఐతే అక్కే కాలు తీసేస్తోంది," అన్నాను చివరికి. "తీసేసి, కారు ఆగిందంటోంది."

"అది అబద్ధమాడదురా. చిన్నప్పుడు గ్లాసు పగలగొడితే ముక్కలు చేత్తో పట్టుకుని వచ్చేది చూపించడానికి."

అబద్ధం కాకపోతే భయం అనుకున్నాను. బంపర్ రాసుకున్న దగ్గర్నుంచీ లోపల జంకు పట్టుకుని ఉంటుంది. తనకి తెలియకుండానే కాలు వెనక్కి లాగేస్తోంది. అక్క మీద జాలేసింది. మర్నాడు తెల్లవారుజామున కారు తీస్తుంటే వెళ్ళి, చాలా తెలివిగా మాట్లాడుతున్నాననుకుంటూ అన్నాను: "భయమేస్తే చెప్పక్కా. ఈ ఏడు మానేద్దాం. ఎవరూ ఏమీ అనుకోరు."

అక్క నా వైపు చూసిన చూపు ఇప్పటికీ మర్చిపోలేదు. తిడితే బాగుండేది.

"ఎక్కు," అంది. "పక్కన కూర్చో. నీ చెవులతో నువ్వే విను."

కొండ రోడ్డుని ఎనిమిదింటి దాకా మా లాంటి వాళ్ళ ప్రాక్టీసు కోసం మిగతా బళ్ళు రాకుండా మూసి ఉంచుతారు. ఎండ ఇంకా రాలేదు. అక్క నడుపుతుంటే పక్కన కూర్చుని చాలా కాలమైంది. ఎంత బాగా నడుపుతుందో మర్చిపోయాను. ఒకటో మలుపు, రెండు, మూడు. గేర్లు ఎప్పుడు మారుస్తుందో తెలిసేది కాదు. టర్బో ఈల వేస్తోంది, ఇంజన్ గొంతు చించుకుంటోంది. ఎక్కడా చిన్న తేడా లేదు. ఈమెకి భయమన్నానా నేను, అని సిగ్గేసింది.

నాలుగో మలుపు దాటాక తిన్నటి రోడ్డు. స్పీడు తొంభై దాటుతుండగా ఇంజన్ శబ్దం మెల్లగా తగ్గడం మొదలైంది. ఆ తగ్గడంలో మిస్సింగ్ ఏమీ లేదు, మెత్తగా, వరసగా తగ్గింది. నా కళ్ళు అలవాటుగా మీటర్ల మీదికి పోయాయి. అన్నీ సరిగ్గా ఉన్నాయి. అప్పుడు కాలి వైపు చూశాను. అక్క పాదం పెడల్ మీంచి లేచి, గాలిలో ఊరికే ఉంది.

"అక్కా?"

అక్క మొహం వైపు చూశాను. కళ్ళు తెరిచే ఉన్నాయి. రోడ్డు వైపే ఉన్నాయి. పెదాలు మాత్రం ఏదో చప్పరిస్తున్నట్టు మెల్లగా కదులుతున్నాయి. చేతులు స్టీరింగ్ మీద ఉన్నాయి, కదలడం లేదు.

"అక్కా! మలుపు!"

పిట్టగోడ మా మీదికి వస్తోంది. ఎలా వంగానో తెలీదు, బెల్టు భుజంలో దిగబడుతుంటే చెయ్యి చాచి స్టీరింగ్ కొండ వైపు లాగాను, రెండో చేత్తో హ్యాండ్‌బ్రేక్ ఎత్తాను. కారు అడ్డం తిరిగి, మట్టిగట్టుకి ఆనుకుని, ఒక్క కుదుపుతో ఇంజన్ ఆగిపోయింది. దుమ్ము లేచింది. ఎక్కడో రాళ్ళు దొర్లుతున్నాయి.

అక్క కనురెప్పలు రెండు సార్లు కొట్టుకున్నాయి. అద్దంలోంచి గట్టు వైపు చూసింది. తర్వాత నా వైపు తిరిగింది. మొహం వెలిగిపోతోంది.

"చూశావా? మళ్ళీ పోయింది! ఈసారి పూర్తిగా ఆగిపోయింది. విన్నావుగా?"

"విన్నాను," అన్నాను.

"హమ్మయ్య. నా మాట నమ్మావు ఇప్పటికి."

కారు తాళం తీసి జేబులో వేసుకున్నాను. ఇంజన్ వేడెక్కింది, నేను నడుపుతానని ఏదో చెప్పి సీటు మారాను. దారంతా అక్క ఉత్సాహంగా మాట్లాడుతూనే ఉంది. కంప్యూటరే చెడి ఉంటుందంది, ఇంకోటి అరువు తెచ్చి పెట్టి చూద్దామంది. నేను ఊఁ కొడుతూ నడిపాను. ఒక్క ముక్క బుర్రకెక్కలేదు.

ఇంటికి చేరేసరికి పాప తువ్వాలు మెడలో వేసుకుని గుమ్మంలో నిలబడి ఉంది. ఈత క్లాసుకి టైమైంది. అక్క గూట్లోంచి ఇంటి కారు తాళాలు తీసింది. రోజూ చేసే పనే. తాళాలు గలగలమనేసరికి నేను అడ్డం వెళ్ళాను.

"నేను దింపుతా," అని లాక్కున్నంత పని చేశాను.

"నీకేమైందిరా పొద్దున్నే?"

"అటు వైపు పనుంది."

పాప వెనక సీట్లో కూర్చుని కాళ్ళూపుతూ ఈత మాస్టారు గురించి ఏదో చెబుతోంది. రెండు వీధులు దాటాక, గొంతు మామూలుగా పెట్టి అడిగాను.

"అమ్మ కారు నడిపేటప్పుడు ఎప్పుడైనా ఊరికే అలా ఉండిపోతుందా?"

"ఆఁ," అంది పాప. అదేం పెద్ద సంగతి కాదన్నట్టు. "పిలిస్తే పలకదు మామయ్యా. అప్పుడు నేను లెక్కపెడతా. ఒకసారి పదకొండు దాకా వచ్చింది."

కారు పక్కకి తీసి ఆపాను.

"ఎందుకాపావు?"

"ఊరికే," అన్నాను. "ఎవరికైనా చెప్పావా?"

"అమ్మకే చెప్పా. కారులో అల్లరి చేయకమ్మా అంది."

పాపని దింపి వచ్చి నాన్నకి చెప్పాను. "నీళ్ళు తెచ్చివ్వు," అన్నాడాయన. తెచ్చిస్తే తాగడం మర్చిపోయి గ్లాసు పట్టుకునే కూర్చున్నాడు.

మధ్యాహ్నం నాన్న కూడా కుర్చీలో ఉండగా, షట్టరు సగం దించి అక్కని పిలిచాను. ఎలా చెప్పాలో తెలీక సూటిగా చెప్పేశాను. అక్క నవ్వింది. తర్వాత మొహం ఎర్రబడింది.

"కారులో తప్పు దొరక్క నా మీదికి తిప్పుతున్నావా? నేను మూర్ఛపోయానా? పోతే నాకు తెలీదూ?"

లాప్‌టాప్ ఆమె వైపు తిప్పాను. రికార్డు చదవడం నాకంటే ఆమెకే బాగా వచ్చు. కుర్చీ లాక్కుని కూర్చుంది. ముందు పెడల్ గీత చూసింది. తర్వాత బ్రేకు తెరిచింది, బ్రేకు ముట్టుకోలేదు. తర్వాత స్టీరింగ్ తెరిచింది. మనిషి చేతుల్లో ఉన్న స్టీరింగ్ గీత ఎప్పుడూ సన్నగా వణుకుతూనే ఉంటుంది, తిన్నటి రోడ్డు మీద కూడా. ఆ చోట మాత్రం నాలుగు సెకన్ల పాటు స్కేలు పెట్టి గీసినట్టుంది. నేను స్టీరింగ్ లాగిన చోట ఒక్కసారిగా పైకి లేచింది.

అక్క వెనక్కి వెళ్ళి ముందు వారం రికార్డు తీసింది. దానికి ముందుది తీసింది. ఐదు సెకన్లు. మూడు. ఆరు.

"భయపడ్డవాడు బ్రేకు తొక్కుతాడు," అంది చివరికి. తనలో తను మాట్లాడుకుంటున్నట్టు. తర్వాత ఆ తిన్నటి గీత మీద వేలు పెట్టింది. "ఇక్కడ నేను లేను కదరా?"

నేను లాప్‌టాప్ మూయబోతే ఆమె చెయ్యి అడ్డం పెట్టింది.

"ఎక్కడికి పోయాను మరి?"

నాన్న లేచి బయటికి వెళ్ళిపోయాడు.

అక్క ఫోను తీసి డ్రైవింగ్ స్కూలుకి తనే చేసింది. రేపట్నుంచి రానని చెప్పింది. వాళ్ళేదో అడుగుతున్నారు. "ఒంట్లో బాగాలేదు," అంది. ఫోను పెట్టేశాక చేతులతో మొహం కప్పుకుంది. "నిన్న సాయంత్రం కూడా ఒక పెద్దావిడకి నేర్పానురా. మెయిన్ రోడ్డు మీద. నా వైపు కూడా బ్రేకుంది, మీకేం భయం లేదండీ అని చెప్పాను."

బావకి చెప్పినప్పుడు ఆయన మెట్ల మీదే కూర్చుండిపోయాడు. "రోజుకి ఇరవై మంది కళ్ళల్లోకి లైటు వేసి చూస్తాను," అన్నాడు. ఆ ఒక్క మాటే అన్నాడు. అక్క చెప్పులు తెచ్చి ఆమె కాళ్ళ దగ్గర పెట్టి, ఆసుపత్రికి పదమన్నాడు. ట్యాక్సీ పిలిచాడు, నేనూ ముందు సీట్లో ఎక్కాను. కారులో కడుపు తిప్పే మనిషి, ముప్పావుగంట ఆమె చెయ్యి పట్టుకుని కూర్చున్నాడు.

డాక్టరమ్మ అక్క తలకి వైర్లు అంటించి గంటసేపు గీతలు తీసింది. స్కానింగ్ చేసింది. మెదడులో ఒక పక్క చిన్న పాత మచ్చ ఉందంది, చిన్నప్పటి జ్వరం వల్లో దెబ్బ వల్లో వచ్చి ఉంటుందంది. "మూర్ఛ అంటే కిందపడి కొట్టుకోవడమే అనుకుంటారు అందరూ. ఇలా కూర్చున్నచోటే వచ్చి పోయేదీ ఉంది. వచ్చినట్టు మనిషికి తెలీదు. మాత్రలకి లొంగుతుంది. ఏడాది పాటు ఒక్కసారి కూడా రాకపోతే అప్పుడు మామూలు డ్రైవింగ్ సంగతి ఆలోచిద్దాం. రేసుల మాట మర్చిపోండి."

"బస్సెక్కొచ్చా?" అంది అక్క.

"ఎక్కొచ్చు."

"డ్రైవర్ని పరీక్ష చేసి ఎక్కుతాను," అంది. డాక్టరమ్మ నవ్వింది. మేమెవరం నవ్వలేకపోయాం.

ఆ తర్వాతి రోజులు ఎవరో గట్టిగా చెంప మీద కొట్టి వెళ్ళిపోయినట్టు గడిచాయి. ఒకరి తర్వాత ఒకరం గుర్తు చేసుకునేవాళ్ళం. పాలు పొంగిపోతుంటే ముందు నిలబడి చూస్తూ ఉండిపోయిన రోజు. మాట మధ్యలో ఆగిపోతే "పరధ్యానం రాణి" అని మేం నవ్విన రోజులు. పిట్టగోడకి అవతల ఎంత లోతుందో నాకు తెలుసు. అది తలుచుకున్నప్పుడల్లా చేతిలో ఉన్న పానా కింద పెట్టి కాసేపు నిలబడేవాణ్ణి. పాప ఈత క్లాసుకి నేనో, ట్యాక్సీలో బావో తీసుకెళ్ళేవాళ్ళం. అక్క మేడ మీంచి కిందికి దిగేది కాదు. మాత్రలకి మత్తు అని చెప్పేది. రేసు రోజున కిటికీలు మూసుకుని పడుకుంది. ఎర్ర కారు మీద గుడ్డ కప్పి ఉంచాను. అమ్మేద్దామని నాన్న రెండుసార్లు అన్నాడు. అక్కని అడిగే ధైర్యం ఇద్దరికీ లేదు.

ఎండలు తగ్గుముఖం పట్టాక ఒక మధ్యాహ్నం అడుగుల చప్పుడైతే తలెత్తాను. అక్క. నేరుగా కారు దగ్గరికి వెళ్ళి గుడ్డ లాగేసింది. డ్రైవరు వైపు తలుపు తీసి, కాసేపు లోపలికి చూస్తూ నిలబడింది. ఎక్కుతుందేమోనని పానా వదిలేసి లేచాను.

"రా, కూర్చో," అంది నన్ను.

"నేనా?"

"ఇంకెవరున్నారు? వచ్చే వేసవికి బోలెడంత టైముంది. తోపుడుబండి తోలడం మానిపించాలి ముందు."

"అక్కా, నా వల్ల కాదు..."

"నా దగ్గరికొచ్చే వాళ్ళందరూ మొదటి రోజు అదే అంటారు. కూర్చో."

కూర్చున్నాను. మోకాళ్ళు స్టీరింగ్‌కి తగిలాయి. ఆ సీటు ఆమె కొలతకి బిగించింది, పరీక్షకి తీసినప్పుడల్లా నేను ఇరుక్కునే నడిపాను. అక్క వంగి కింద మీట లాగి, సీటుని రెండు మెట్లు వెనక్కి జరిపింది. అది ఆగిన చోట "టక్" మంది. ఇంకో మెట్టు జరిపి నా కాలు క్లచ్ మీద పెట్టించి చూసింది. చాలనుకుంది. తర్వాత లోపలికి చెయ్యి పెట్టి నడిమి అద్దం పట్టుకుంది.

"ఇందులో నేను కనిపిస్తున్నానా?"

తలుపు పక్క నిలబడ్డ ఆమె మొహంలో సగం అద్దంలో ఉంది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"కనిపిస్తున్నావు."

"కనిపించకూడదు," అంది అక్క. వేలితో అద్దాన్ని మెల్లగా పక్కకి తిప్పుతూ పోయింది. ముందు ఆమె చెంప పోయింది, తర్వాత భుజం పోయింది. చివరికి వెనక తెరిచి ఉన్న షట్టరూ, దాని అవతల ఎండలో తెల్లగా రోడ్డూ వచ్చి నిలిచాయి.